షుగర్ ఉన్నవాళ్లకు పెద్దపేగు క్యాన్సర్ పరీక్షలు: ఎప్పుడు చేయించుకోవాలి, మందులు ఎలా సర్దుకోవాలి

షుగర్ ఉన్నవాళ్లు కళ్లు చూపించుకుంటారు, పాదాలు చూపించుకుంటారు, ఏడాదికోసారి క్రియాటినిన్ అనే కిడ్నీ పరీక్ష చేయించుకుంటారు. పెద్దపేగు ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లలో పెద్దపేగు, పురీషనాళం క్యాన్సర్ ముప్పు మిగతావాళ్లకంటే సుమారు 20 నుంచి 30 శాతం ఎక్కువని చాలా అధ్యయనాలను కలిపి చూసిన లెక్కలు చెబుతున్నాయి. అంటే వందలో ముప్పై మందికి వస్తుందని కాదు. వెయ్యి మందిలో పదిమందికి వచ్చేచోట పన్నెండు, పదమూడు మందికి వస్తుందని అర్థం. బెంబేలు పడేంత పెద్ద తేడా కాదు, అలాగని పక్కన పెట్టేసేదీ కాదు.

టైప్ 2లో ఒంట్లో తయారయ్యే ఇన్సులిన్ సరిగా పనిచేయదు కాబట్టి క్లోమం ఇంకా ఎక్కువ వదులుతుంది. ఏళ్ల తరబడి రక్తంలో ఎక్కువగా తిరిగే ఆ ఇన్సులిన్, దాని వెంట పనిచేసే ఐజీఎఫ్-1 అనే హార్మోను, పేగు లోపలి పొరలోని కణాలను పెరగమని పోరుతూ ఉంటాయి. నడుం చుట్టూ చేరిన కొవ్వు వల్ల వచ్చే దీర్ఘకాలిక వాపు, కదలకుండా కూర్చునే పని, పొగ, మద్యం ఈ రెండు జబ్బులకూ ఉమ్మడి కారణాలు.

ఇది విని ఇంజెక్షన్ మానేయాలనుకునేవాళ్లు ఉంటారు, అందుకే ఇక్కడే చెప్పేస్తున్నాం. 2012లో ఫలితాలు వచ్చిన ఆరిజిన్ అనే పెద్ద పరిశోధనలో 12,500 మందికి పైగా ఆరేళ్లకు పైగా గమనించారు. గ్లార్జిన్ అనే దీర్ఘకాలిక ఇన్సులిన్ వేసుకున్నవాళ్లలో క్యాన్సర్లు పెరగలేదు. అలాగే మెట్‌ఫార్మిన్ క్యాన్సర్‌ను ఆపుతుందన్న మాటా వింటుంటాం. వాడేవాళ్లలో ఈ క్యాన్సర్ కొంత తక్కువగా కనిపించిన మాట నిజమే. ఆ ఆశతో షుగర్ లేనివాళ్లు మింగడమూ, మాత్ర వేసుకుంటున్నాం కదా అని షుగర్ ఉన్నవాళ్లు పరీక్ష మానుకోవడమూ రెండూ తప్పే.

ఈ క్యాన్సర్‌లో మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. ఎక్కువ శాతం పాలిప్ అనే చిన్న కండ పెరుగుదలతో మొదలవుతుంది. అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. ఆలోపు కొలనోస్కోపీలో, అంటే మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్షలో, కనిపిస్తే అక్కడికక్కడే తీసేస్తారు.

షుగర్ మీదకు తోసేయకూడనివి

ఈ జబ్బు ఆలస్యంగా బయటపడటానికి ఒక కారణం షుగరే. ప్రతి లక్షణానికీ షుగర్‌లో ఒక సాకు దొరుకుతుంది. విరేచనాలైతే మెట్‌ఫార్మిన్ అంటాం. మలబద్ధకమైతే నరాలు దెబ్బతిన్నాయంటాం. బరువు తగ్గితే షుగర్ పెరిగిందంటాం, నీరసమొస్తే వయసంటాం. రక్తం పడితే మొలలు అనేసి ఆకు పసరు కోసం వెళ్తాం.

విడదీసి చూడటం అంత కష్టం కాదు. మెట్‌ఫార్మిన్ విరేచనాలు మామూలుగా మాత్ర మొదలుపెట్టిన వారాల్లోనో, డోసు పెంచినప్పుడో వస్తాయి. నెమ్మదిగా విడుదలయ్యే రకానికి మార్చితే తగ్గుతాయి. ఐదేళ్లుగా అదే మాత్ర, అదే డోసు వేసుకుంటూ ఇప్పుడు కొత్తగా మొదలై మూడు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రను నిందించకుండా డాక్టర్‌కు చూపించాలి. విరేచనం, మలబద్ధకం ఒకదాని తర్వాత ఒకటి రావడం, మలం సన్నబడటం, వెళ్లొచ్చాక కూడా ఇంకా ఉన్నట్టు అనిపించడం ఇవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

మొలల రక్తం సాధారణంగా ఎర్రగా, మలానికి పైపైన, చివర్లో చుక్కలుగా పడుతుంది. మలంలో కలిసిపోయిన ముదురు రక్తం, జిగురుతో కలిసి వచ్చే రక్తం వేరే సంగతి. అయితే మొలలున్నవాళ్లకు క్యాన్సర్ రాదన్న నియమమేమీ లేదు. నలభై దాటాక రక్తం కనబడితే, మొలలు ఉన్నా సరే, ఒకసారి లోపల చూడాల్సిందే. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకు మలం నల్లగా వస్తుంది, దానికి కంగారు అక్కర్లేదు. ఐరన్ వేసుకోకుండానే తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వస్తే అది పై పేగుల్లో రక్తస్రావం. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

రక్తహీనత దగ్గర కొంచెం నిలబడి చూడాలి. కుడివైపు పెద్దపేగులో పుట్టే గడ్డ కంటికి కనిపించకుండా నెలల తరబడి కొద్దికొద్దిగా రక్తం పోగొడుతుంది. మొదట బయటపడేది హిమోగ్లోబిన్ పడిపోవడమే. షుగర్ ఉన్నవాళ్లలో రక్తం తగ్గడానికి ఇంకో రెండు కారణాలూ ఉంటాయి: కిడ్నీ దెబ్బతినడం, ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడకం వల్ల విటమిన్ బి12 తగ్గడం. తేల్చుకోవడానికి రిపోర్టులో ఎంసీవీ అనే అంకె, అంటే ఎర్ర రక్తకణాల సైజు, చూడండి. 80 కంటే తక్కువైతే ఐరన్ లోపం వైపు, 100 దాటితే బి12 వైపు అనుమానం వెళ్తుంది. రెండు లోపాలూ ఒకేసారి ఉంటే ఎంసీవీ మామూలుగా కనిపించి మోసం చేస్తుంది. అందుకే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది), బి12, క్రియాటినిన్ మూడూ విడివిడిగా చేయించాలి. మగవాళ్లకు, ముట్లుడిగిన ఆడవాళ్లకు ఐరన్ లోపం ఉందని తేలితే మాత్రలిచ్చి పంపేయడం చాలదు. ఆ ఐరన్ ఎక్కడికి పోతోందో పై నుంచీ (నోటి గుండా) కింద నుంచీ (మలద్వారం గుండా) గొట్టం వేసి చూడమని మీరే అడగండి.

ఇంకో చిక్కుంది. ఐరన్ లోపం ఉంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. రక్తం బాగా పోయినా, ఎక్కించుకున్నా తక్కువ చూపించవచ్చు. ఇంట్లో మీటర్ అంకెలకూ దానికీ పొంతన లేకపోతే ముందు హిమోగ్లోబిన్ చూడండి.

లక్షణాలేవీ లేకపోతే

అమెరికాలో 2021 నుంచి మామూలు ముప్పు ఉన్నవాళ్లందరికీ 45 ఏళ్లకే ఈ పరీక్షలు మొదలుపెట్టమంటున్నారు. మన ప్రభుత్వ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లున్నాయి గానీ పెద్దపేగు లేదు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి అడిగే ప్రశ్నల్లో ఇది రాదు, మీరే అడగాలి. మా అభిప్రాయంలో షుగర్ ఉండి 45 దాటినవాళ్లు ఏడాదికోసారి మల పరీక్షతో మొదలుపెట్టడం ఖర్చుకూ శ్రమకూ సరిపడే దారి. అమ్మకో, నాన్నకో, తోబుట్టువుకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే దారి మారుతుంది. 40 ఏళ్లకు గానీ, వాళ్లకు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు నేరుగా కొలనోస్కోపీయే చేయించుకోవాలి.

మల పరీక్ష అంటే ల్యాబ్‌లో రెండు రకాలు దొరుకుతాయి. పాతది రసాయన పద్ధతి. దానికి మాంసం, సి విటమిన్ మాత్రలు మూడు రోజుల ముందే మానాలి, మూడు సార్లు నమూనా ఇవ్వాలి. కొత్తది ఫిట్. అది మనిషి రక్తాన్నే గుర్తిస్తుంది కాబట్టి ఆహార నియమం లేదు, ఐరన్ మాత్రలతో తేడా రాదు. ల్యాబ్‌కు వెళ్లగానే ‘ఫిట్ పద్ధతిలోనే చేస్తారా’ అని అడిగి డబ్బు కట్టండి.

నమూనా తీయడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. మలం మరుగుదొడ్డి నీళ్లలో పడకూడదు. శుభ్రమైన ప్లాస్టిక్ కవరో, పేపరో పరిచి దానిమీద పట్టండి. సీసా మూతకున్న పుల్లతో నాలుగైదు చోట్ల గీరండి. పుల్ల గాడుల్లో అంటినంత చాలు, ముద్దగా నింపితే లెక్క తప్పుతుంది. ముట్టు రోజుల్లో, మొలల నుంచి రక్తం పడుతున్నప్పుడు ఇవ్వొద్దు. అన్నిటికంటే ముఖ్యం వేడి. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు ఏప్రిల్, మే నెలల్లో బండి డిక్కీలో రెండు గంటలు పెట్టారంటే నమూనాలోని హిమోగ్లోబిన్ పాడై, రక్తం ఉన్నా లేనట్టు రావచ్చు. తీసిన రోజే ఇవ్వండి, ఆలస్యమైతే కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి.

ఫిట్‌లో రక్తం ఉందని వస్తే మళ్లీ ఫిట్ చేయించి ‘ఈసారి లేదు కదా’ అని ఊరుకోకూడదు. తర్వాతి మెట్టు కొలనోస్కోపీ ఒక్కటే. ఇక లక్షణాలున్నవాళ్లకు ఫిట్‌లో ఏమీ లేదని వచ్చినా అది భరోసా కాదు. ప్యాకేజీల్లో కలిపి అమ్మే సీఈఏ రక్త పరీక్షతో ఈ క్యాన్సర్‌ను ముందుగా పట్టుకోలేం. తొలిదశలో అది చాలాసార్లు మామూలుగానే ఉంటుంది, పొగతాగేవాళ్లలో ఊరికే పెరుగుతుంది.

కొలనోస్కోపీకి షుగర్ మనిషి సిద్ధమయ్యే తీరు

అందరికీ ఇచ్చే కాగితంలో షుగర్ సంగతి ఒక్క వాక్యంలో ఉంటుంది, చాలాసార్లు అదీ ఉండదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే మూడు మాటలు చెప్పండి: షుగర్ ఉంది, ఫలానా మందులు వాడుతున్నాను, ఉదయం మొదటి వరుసలో నన్ను వేయండి. మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపుతో కూర్చోవడం షుగర్ ఉన్నవాళ్లకు మంచిది కాదు. మందుల చీటీ, ఈ మధ్య చేయించిన క్రియాటినిన్ రిపోర్టు వెంట తీసుకెళ్లండి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు సోడియం ఫాస్ఫేట్‌తో చేసిన పేగు శుభ్రం మందు హాని చేస్తుంది. పాలిఎథిలీన్ గ్లైకాల్ పొడి రకమే రాయించుకోండి.

వారం ముందు ఐరన్ మాత్రలు ఆపాలి, లేకపోతే పేగు గోడకు నల్లటి పూత అంటి ఏమీ కనబడదు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, ఇతర రక్తం పలచబరిచే మందులు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లు ఆపితే పేగు పరీక్ష కాస్తా గుండెపోటులో ముగిసే ప్రమాదముంది. గుండె డాక్టర్ మాట రాతపూర్వకంగా తెచ్చుకోండి.

వారానికోసారి వేసుకునే సెమాగ్లూటైడ్ లాంటి ఇంజెక్షన్ వాడుతుంటే అది కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తుంది. మత్తిచ్చే డాక్టర్‌కు ముందే చెప్పాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి, అంటే మూత్రంలో చక్కెర పోగొట్టే మాత్రలు, మూడు రోజుల ముందే ఆపిస్తారు. తిండి లేకుండా ఇవి వేసుకుంటే మీటర్‌లో షుగర్ మామూలుగా ఉన్నా ఒంట్లో కీటోన్లు పెరిగి ఆయాసం, వాంతులు, కడుపునొప్పి వస్తాయి. దీన్ని గుర్తుపట్టడం డాక్టర్లకే ఒక్కోసారి కష్టం. ఇప్పుడు రెండు మూడు మందులు కలిపిన మాత్రలే ఎక్కువ కాబట్టి అట్టమీద పేర్లన్నీ చదివించుకోండి.

మూడు రోజుల ముందు నుంచి పీచు తగ్గించాలి. ఇక్కడే మన చిత్తూరు వంటలతో పేచీ. షుగర్ కోసమని అలవాటు చేసుకున్న రాగిసంగటి, చెనక్కాయల ఊరుబిండి, ఉలవచారు, అనపకాయల కూర, పితికపప్పు, ఆకుకూరలు అన్నీ ఆ మూడు రోజులూ బంద్. జామ, దానిమ్మ, టమాటా గింజలు, వంకాయ, నువ్వులు కూడా వద్దు. గింజలూ తొక్కలూ స్కోపు గొట్టంలో ఇరుక్కుంటాయి, చిన్న పాలిప్‌ను కప్పేస్తాయి. తెల్లన్నం, ఇడ్లీ, పెరుగు, గుడ్డు, పొట్టు తీసిన పెసరపప్పు కట్టు, తొక్క తీసి మెత్తగా ఉడికించిన సొరకాయ తినొచ్చు. తెల్లన్నంతో షుగర్ కాస్త ఎక్కుతుంది. రెండు మూడు రోజులు 200 చుట్టుపక్కల ఉన్నా నష్టం లేదు. దాన్ని దించాలని మాత్ర అదనంగా వేసుకోకండి, మర్నాటి ఉపవాసంలో అదే దెబ్బకొడుతుంది.

షుగర్ ఎక్కువ కాలంగా ఉన్నవాళ్లకు పేగు కదలిక మందగించి ఉంటుంది. అందుకే అందరికీ సరిపోయే డోసు వీళ్లకు చాలక, ‘పేగు శుభ్రం కాలేదు, మళ్లీ రండి’ అని పంపించే సందర్భాలు ఎక్కువ. మీకు మలబద్ధకం ఉంటే ముందే చెప్పండి. రెండు మూడు రోజుల ముందు నుంచే విరేచనం మాత్ర కలిపి ఇస్తారు.

ముందు రోజు తేట ద్రవాలే. దీన్ని తిరుమల శనివారం ఒక్కపొద్దులా చూడకండి. ఒక్కపొద్దులో సాయంత్రం భోజనం ఉంటుంది, ఇక్కడ లేదు. పైగా పేగు ఖాళీ అవుతున్నప్పుడు నీళ్లు, ఉప్పులు కూడా పోతాయి. వడగట్టిన చారు తేట, గంజి మీది తేట, కొబ్బరినీళ్లు, పాలు లేని టీ, నిమ్మరసం, గుజ్జు లేని ఆపిల్ జ్యూస్ తాగొచ్చు. కిడ్నీ జబ్బుతో పొటాషియం పెరిగినవాళ్లు కొబ్బరినీళ్లు మానాలి. పాలు, మజ్జిగ తేట ద్రవాలు కావు. ఎరుపు, ఊదా రంగు పానీయాలు పేగులో రక్తంలా కనబడతాయి, వద్దు. మామూలు రోజుల్లో జ్యూస్ వద్దంటారు కదా అని అన్నీ చక్కెర లేకుండానే తాగితే సాయంత్రానికి షుగర్ పడిపోతుంది. భోజనం వేళల్లో 45 గ్రాముల పిండిపదార్థం దాకా, మధ్యలో 15 నుంచి 30 గ్రాములు అందేలా చూసుకోండి. 200 మిల్లీలీటర్ల ఆపిల్ జ్యూస్‌లో 20 గ్రాములకు పైగా ఉంటుంది.

ఈ రోజు మందుల సంగతి మీ డాక్టర్ తేల్చాలి. ఎలాంటి మార్పులు చేస్తారో తెలిసుంటే ఏం అడగాలో తెలుస్తుంది. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ తినకపోయినా షుగర్‌ను దించుతాయి, కాబట్టి ద్రవాల రోజు సాధారణంగా ఆపిస్తారు. మెట్‌ఫార్మిన్ పరీక్ష రోజు ఉదయం వేయరు. భోజనానికి ముందు వేసే ఇన్సులిన్ భోజనం లేదు కాబట్టి మానడమో బాగా తగ్గించడమో చేస్తారు. రాత్రి వేసే దీర్ఘకాలిక ఇన్సులిన్‌ను కొంత తగ్గిస్తారు గానీ పూర్తిగా ఆపరు. టైప్ 1 వాళ్లయితే దాన్ని అస్సలు ఆపకూడదు. 30/70 కలిపిన ఇన్సులిన్ వాడేవాళ్లు ఎన్ని యూనిట్లు వేయాలో అంకె రాయించుకునే రండి. ‘కొంచెం తగ్గించుకోండి’ అన్న మాట మీద ఇంటికి రాకండి. బీపీ మాత్రల్లో ఏవి వేసుకోవాలో కూడా అప్పుడే అడగండి.

మీటర్‌తో మూడు నాలుగు గంటలకోసారి చూసుకోండి, పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి. 100 నుంచి 200 మధ్య ఉంటే చాలు. 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి, అంటే సుమారు మూడు చెంచాలు, నీళ్లలో కలిపి తాగి 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. చక్కెర కాదు, గ్లూకోజ్ పొడే దగ్గర పెట్టుకోమనడానికి కారణముంది. వోగ్లిబోస్, అకార్బోస్ వాడేవాళ్లకు వంటింటి చక్కెర త్వరగా రక్తంలోకి రాదు. ఆ మాత్రల పనే చక్కెరను విడగొట్టడాన్ని ఆపడం. ఇక్కడ చాలామంది వాడే ‘మూడు కలిపిన మాత్ర’లో వోగ్లిబోస్ ఉండే అవకాశం ఎక్కువ. షుగర్ పడిపోయిందని చేతికందిన లడ్డూ నోట్లో పెట్టడమూ పొరపాటే. నెయ్యి వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది, జీడిపప్పూ కిస్‌మిస్ పేగులో మిగులుతాయి.

శుభ్రం మందు 137 గ్రాముల పొట్లమైతే రెండు లీటర్ల నీళ్లలో కలుపుతారు. మీకిచ్చిన పొట్లం మీద రాసిన కొలతే పాటించండి. ఒకేసారి మొత్తం తాగడం కంటే రెండు భాగాలు చేస్తే పేగు బాగా శుభ్రపడుతుంది. సగం ముందు రోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు. ఉదయం 9 గంటల పరీక్షకు తెల్లవారుజామున 4 గంటలకు లేచి తాగాల్సిందే. ఆ నిద్ర చెడకూడదని రాత్రే ముగించేస్తే కుడివైపు పేగులో జిగురు మళ్లీ చేరి, ఎక్కువ పరిశీలన అవసరమైన చోటే కనబడదు. చల్లబరిచి, పది పదిహేను నిమిషాలకు ఒక గ్లాసు చొప్పున తాగండి. వికారమైతే అరగంట ఆగి మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టండి. చివరికి మలం లేత పసుపు రంగులో, అడుగు కనిపించేంత తేటగా రావాలి. గోధుమరంగు, నలకలు ఇంకా వస్తుంటే ఆసుపత్రికి వెళ్లగానే చెప్పండి. పరీక్షకు రెండు గంటల ముందు నుంచి నోట్లో ఏమీ పోయకూడదు. ఆ సమయంలో షుగర్ పడిపోతే మాత్రం ఆగకుండా గ్లూకోజ్ తీసుకుని అక్కడి నర్సుకు చెప్పండి. 300 దాటినా, వాంతులు ఆగకపోయినా బయలుదేరే ముందే ఫోన్ చేయండి.

ప్రయాణం సంగతి ఎవరూ ముందుగా ఆలోచించరు. మందు తాగాక బస్సెక్కడం కుదరదు. కుప్పం, పలమనేరు, పుంగనూరు నుంచి తిరుపతికి వచ్చేవాళ్లు ముందు రోజు మధ్యాహ్నానికే చేరి, సొంత మరుగుదొడ్డి ఉన్న గదిలో దిగాలి. శని, ఆదివారాలు, బ్రహ్మోత్సవాల రోజులు, సెలవు దినాలు గదులు దొరకవు కాబట్టి వారం మధ్యలో తేదీ అడగండి. వెంట ఒక మనిషి తప్పనిసరి.

తిరుపతిలో స్విమ్స్‌లో జీర్ణకోశ విభాగం ఉంది, రుయా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. క్యాన్సర్ అని తేలితే అలిపిరి దగ్గర శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ సంస్థ ఉంది. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర. ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీకు ఏది వర్తిస్తుందో ఆసుపత్రి కౌంటర్లో ముందే కనుక్కోండి. పరీక్షకు వర్తించేదీ, చికిత్సకు వర్తించేదీ ఒకటే అనుకోవద్దు.

అయ్యాక

మత్తు దిగాక మీటర్ చూసి, తేలికైన ఇడ్లీ, పెరుగన్నంతో మొదలుపెట్టండి. తినడం మొదలయ్యాకే షుగర్ మందులు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి తిండీ నీళ్లూ మామూలయ్యాకే. 24 గంటలు బండి నడపొద్దు, దస్తావేజుల మీద సంతకాలు పెట్టొద్దు. గాలి నింపి చూస్తారు కాబట్టి కొంచెం ఉబ్బరం మామూలే. తీవ్రమైన కడుపునొప్పి, జ్వరం, గడ్డలుగా రక్తం వస్తే వెంటనే వెనక్కి వెళ్లాలి. పాలిప్ తీసినచోట రెండు వారాల దాకా రక్తం రావచ్చు. ఆ రెండు వారాలు దూరప్రయాణాలు, అలిపిరి మెట్లెక్కే మొక్కులు వాయిదా వేసుకోండి.

రిపోర్టులో ‘పేగు శుభ్రత ఎలా ఉంది’, ‘సీకమ్ (పెద్దపేగు మొదలయ్యే చోటు) దాకా వెళ్లారా’ అన్న రెండు మాటలు చూసుకోండి. శుభ్రత బాగాలేదని రాసి ఉంటే ఏమీ కనబడలేదన్న మాటకు విలువ లేదు, త్వరలో మళ్లీ చేయించాలి. రెండూ బాగుండి పాలిప్ లేకపోతే మామూలుగా పదేళ్లకు మళ్లీ. ఒకటి రెండు చిన్న అడినోమాలు (క్యాన్సర్‌గా మారగల రకం పాలిప్‌లు) ఉంటే ఏడు నుంచి పదేళ్లకు, సెంటీమీటరు అంత పెద్దది గానీ, అయిదు నుంచి పది దాకా గానీ ఉంటే మూడేళ్లకు, పదికి మించితే ఏడాదికే. ఈ గడువు బయాప్సీ రిపోర్టు వచ్చాక తేలుతుంది. ఆ కాగితం కోసం మళ్లీ వెళ్లడం చాలామంది మానేస్తారు. తేదీ అడిగి రాసుకుని, రిపోర్టు నకలు షుగర్ ఫైల్‌లోనే పెట్టి, మీ షుగర్ డాక్టర్‌కు కూడా చూపించండి.